బిట్వీన్ మిడ్‌నైట్ అండ్ డే

'బిట్వీన్ మిడ్‌నైట్ అండ్ డే' అమెరికన్ బ్లూస్ గాయకుడు, గిటారిస్టు కోరీ హ్యారిస్ తొలి ఆల్బం. షికాగోలోని ఆలిగేటర్ రికార్డ్స్ సంస్థ దీన్ని 1995లో విడుదల చేసింది. నడిరేయికీ తెల్లవారుకూ నడిమి వేళ అని ఈ పేరుకు అర్థం. ఒక గొంతు, ఒక గిటారు: ఆల్బం అంతా వీటి మీదే నడుస్తుంది. మిసిసిపీ డెల్టాలోనూ దాని ఇరుగుపొరుగు ప్రాంతాల్లోనూ 1920ల నుంచి పాడుతూ వచ్చిన పాటలు ఇందులో ఉన్నాయి. వాటి పక్కనే అదే పద్ధతిలో హ్యారిస్ సొంతంగా కట్టిన పాటలూ ఉన్నాయి. అప్పటికి ఆయన వయసు 26. బ్లూస్ అంటే కరెంటు గిటారు, డ్రమ్ములు, బ్యాండు అనే అభిప్రాయం స్థిరపడిన రోజుల్లో ఒక నల్లజాతి యువకుడు ఆ సంగీతపు తొలినాటి ఒంటరి రూపాన్ని తాతల ఆస్తిగా చేతిలోకి తీసుకున్నాడు. ఈ ఆల్బానికి చరిత్రలో చోటు దక్కింది అందుకే.

తోడు వాద్యాలు లేకుండా బ్లూస్ పాడడం చూడడానికి తేలిక, చేయడానికి కష్టం. గిటారిస్టు కుడిచేతి బొటనవేలు లావు తీగల మీద తాళం తప్పకుండా మోగుతూ ఉండాలి. అదే డ్రమ్ము, అదే నేపథ్య శ్రుతి. చూపుడు వేలు, నడిమి వేలు సన్న తీగల మీద పాట వరసను పలికిస్తాయి. పాట కట్టుబడి సాధారణంగా మూడు పాదాలు: మొదటి పాదాన్ని రెండోసారీ అంటారు, మూడో పాదంలో దానికి జవాబు వస్తుంది. గాయకుడు పాదం ముగించి ఊపిరి తీసుకునే జాగాలో గిటారు బదులు పలుకుతుంది. బుర్రకథలో కథకుడి మాటకు వంతలు అందుకున్నట్టే ఉంటుంది ఇది, కాకపోతే కథకుడూ వంతా ఇక్కడ ఒకే మనిషి. బ్యాండు కోసం తర్వాత స్థిరపడిన 12 కొలతల లెక్క కూడా ఈ పాత పద్ధతిలో కచ్చితం కాదు. మాట సాగితే కొలత సాగుతుంది, ఊపిరి ఆగితే తాళం ఒక దెబ్బ కుదించుకుంటుంది. పక్కన వాయించేవాళ్లు లేరు కనుక ఎవరికీ ఇబ్బంది లేదు.

ఈ పాటలు రికార్డుల్లోకి రావడం వ్యాపారం వల్ల జరిగింది. 1920 ఆగస్టులో ఓకే సంస్థ కోసం మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' విపరీతంగా అమ్ముడుపోయింది. నల్లవాళ్లు గ్రామఫోను రికార్డులు కొంటారన్న సంగతి కంపెనీలకు అప్పుడు తెలిసొచ్చింది. 'రేస్ రికార్డులు' అనే పేరుతో వాళ్ల కోసమే వేరే వరుసలు మొదలయ్యాయి. వాటిలో పేరున్న పారమౌంట్, విస్కాన్సిన్‌లోని ఒక కుర్చీల తయారీ కంపెనీకి అనుబంధ సంస్థ. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాలే పడుతుంది. రాత్రంతా నాట్యాలకు సాగదీసి పాడిన పాట ఆ మూడు నిమిషాల్లోకి ఒదగవలసి వచ్చింది. తర్వాతి తరాలు సంప్రదాయంగా నేర్చుకున్నది చాలావరకు ఈ కుదించిన రూపాన్నే.

హ్యారిస్ ఆల్బంలో ఎదురయ్యే పెద్దల్లో మొదట చెప్పవలసినవాడు చార్లీ ప్యాటన్. మిసిసిపీలో 1895లో స్థాపించిన డాకరీ పత్తి తోట ఆయనకు స్థావరం. 1929 జూన్ 14న ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లోని స్టూడియోలో ఆయన ఒక్క రోజే 14 పాటలు పాడి ఇచ్చాడు. 'పోనీ బ్లూస్' వాటిలో ఒకటి. 2006లో అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చి భద్రపరచిన ఈ పాటను హ్యారిస్ తన ఆల్బంలో పాడాడు. ప్యాటన్ గొంతు గరుకు, మాట ముద్దగా వస్తుంది, గిటారు పెట్టె మీద అరచేత్తో చరుస్తాడు, తాళం ఎక్కడ పడుతుందో ముందుగా ఊహించలేం. గిటారును మోకాళ్ల మధ్యా వీపు వెనకా పెట్టుకుని వాయించి జనాన్ని అలరించిన ఈ మనిషి 1934లో చనిపోయాడు. ఆ తోటలోనే ఆయన దగ్గర నేర్చుకున్న హౌలిన్ వుల్ఫ్ తర్వాత షికాగో బ్లూస్‌కు మూలస్తంభమయ్యాడు.

టెనెసీ రాష్ట్రంలోని బ్రౌన్స్‌విల్‌కు చెందిన స్లీపీ జాన్ ఎస్టిస్‌ది మరో దారి. ఆయన గిటారులో అంత నేర్పు కనిపించదు, గొంతులో మాత్రం ఏడుపు జీర ఉంటుంది. ఊళ్లోని వకీలు, కార్ల మెకానిక్కు, తాను నీళ్లలో మునిగి బయటపడిన సంఘటన, అన్నీ ఆయనకు పాటలే. ఒక చిన్న పట్టణం జీవితాన్ని ఇంత దగ్గరగా పాటల్లో పెట్టినవాళ్లు బ్లూస్‌లో తక్కువ. 'గోయింగ్ టు బ్రౌన్స్‌విల్' పాటతో హ్యారిస్ ఆ ఊరి దారి పట్టాడు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నల్లజాతి కుటుంబాలు లక్షల సంఖ్యలో దక్షిణాది పత్తి చేలు విడిచి ఉత్తరాది ఫ్యాక్టరీ నగరాలకు చేరాయి, వాళ్ల వెంట పాటా వెళ్లింది. స్టోవాల్ తోటలో ట్రాక్టరు నడిపే మడ్డీ వాటర్స్‌ను 1941లో ఆలన్ లోమాక్స్, జాన్ వర్క్ అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కోసం రికార్డు చేశారు. రెండేళ్లకు ఆయన షికాగో రైలెక్కాడు. అక్కడి బార్ల రొదలో మామూలు గిటారు వినిపించదు కనుక కరెంటు గిటారు పట్టాడు. 1948లో వచ్చిన 'ఫీల్ లైక్ గోయింగ్ హోమ్' పాటలో డెల్టా బాణీ చెక్కుచెదరలేదు, శబ్దం మాత్రం నగరానిది. ఆ తర్వాత బ్యాండు పెరిగింది, ఒంటరి గిటారిస్టు వెనకబడ్డాడు.

పాత గాయకుల్లో చాలామంది పొలాలకో చిన్న ఉద్యోగాలకో వెళ్లిపోయారు. మళ్లీ వాళ్లను వెతికిపట్టింది జానపద సంగీతం మీద మోజు పెరిగిన కాలం. 1959 సెప్టెంబరులో లోమాక్స్, షర్లీ కాలిన్స్ మిసిసిపీలోని కోమో దగ్గర ఒక ఇంటి వసారాలో రికార్డింగు చేస్తున్నారు. చేలో పత్తి పని ముగించుకుని అదే బట్టలతో గిటారు పట్టుకుని వచ్చాడు ఫ్రెడ్ మెక్‌డవెల్. పక్కన ఫ్యానీ డేవిస్ దువ్వెనకు కాగితం చుట్టి ఊదుతూ వరస కలిపింది. అంతవరకూ ఒక్క రికార్డూ లేని మెక్‌డవెల్ అలా లోకానికి తెలిశాడు. చనిపోయాడని చాలామంది అనుకున్న ఎస్టిస్ 1962లో బ్రౌన్స్‌విల్‌లోనే చూపు పూర్తిగా పోయి పేదరికంలో కనిపించాడు. బుకా వైట్‌ను పట్టుకున్న తీరు ఇంకా ఆశ్చర్యం. ఆయన 1940లో పాడిన ఒక పాటలో ఆబర్డీన్ అనే ఊరి పేరు ఉంది. 1963లో జాన్ ఫాహీ, ఎడ్ డెన్సన్ అనే ఇద్దరు యువకులు 'బుకా వైట్, పాతకాలపు బ్లూస్ గాయకుడు, ఆబర్డీన్, మిసిసిపీ' అని చిరునామా రాసి ఉత్తరం పోస్టు చేశారు. ఉత్తరం చేరింది. వైట్ అప్పటికి మెంఫిస్‌లో ఉంటున్నాడు. ఆయన అసలు పేరు బుకర్, బుకా అన్నది రికార్డు కంపెనీ చేసిన అక్షర దోషం.

ఈ పెద్దలు 1960ల్లో కళాశాలల్లో, ఉత్సవాల్లో పాడితే ఎదుట కూర్చున్నది ఎక్కువగా తెల్లజాతి విద్యార్థులు. నల్లజాతి యువత అప్పటికి సోల్ సంగీతం వైపు మళ్లింది. పత్తి చేల రోజులను గుర్తుచేసే పాట వాళ్ల ఇళ్లలో చాలామందికి చేదు జ్ఞాపకం. తాజ్ మహల్ అని పేరు పెట్టుకున్న గాయకుడు 1968 నుంచి పాత బ్లూస్‌ను పట్టుకుని నడిచాడు గాని, ఆయన వెంట నడిచినవాళ్లు చాలాకాలం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. 1990లో రాబర్ట్ జాన్సన్ పాటలన్నిటినీ ఒక పెట్టెగా కొలంబియా సంస్థ తెచ్చినప్పుడు పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 1992లో ఎరిక్ క్లాప్టన్ 'అన్‌ప్లగ్డ్' కరెంటు లేని గిటారును మళ్లీ ఇంటింటికీ చేర్చింది. 1994లో కెబ్ మో, 1996లో ఆల్విన్ యంగ్‌బ్లడ్ హార్ట్ తమ ఆల్బాలతో వచ్చారు. హ్యారిస్ వీళ్ల నడుమ నిలబడతాడు.

హ్యారిస్ డెల్టా బిడ్డ కాడు. 1969 ఫిబ్రవరి 21న కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో పుట్టాడు. ఇంట్లో తల్లి దాచుకున్న లైట్నిన్ హాప్కిన్స్ రికార్డులు విని పన్నెండేళ్ల వయసులో గిటారు పట్టాడు. మేన్ రాష్ట్రంలోని బేట్స్ కాలేజీలో మానవశాస్త్రం చదివి 1991లో పట్టా పుచ్చుకున్నాడు. వాట్సన్ ఫెలోషిప్ మీద కామెరూన్ వెళ్లి అక్కడి పిజిన్ భాషను అధ్యయనం చేశాడు. తిరిగొచ్చి లూసియానాలోని నెపోలియన్‌విల్‌లో బడిపిల్లలకు ఇంగ్లీషు, ఫ్రెంచి చెప్తూ, ఖాళీ దొరికితే న్యూ ఆర్లియన్స్ వీధుల్లో పాడేవాడు. పుస్తకాల్లోంచి వచ్చినవాడు అనే మాట ఆయన విషయంలో సగమే నిజం. దారిన పోయేవాళ్లను ఒక్క గిటారుతో ఆపి నిలబెట్టడం ఏ కాలేజీలోనూ నేర్పరు, ఆల్బంలో వినిపించే బిగువు చాలావరకు ఆ వీధి నుంచే వచ్చింది. ఒకే భాష నోరు మారితే ఎలా కొత్త రూపు కడుతుందో కామెరూన్‌లో గమనించిన చెవి కూడా పాత గాయకుల ఉచ్చారణను పట్టడంలో అక్కరకొచ్చింది.

ఆల్బంలో ప్యాటన్, ఎస్టిస్, మెక్‌డవెల్, బుకా వైట్, మడ్డీ వాటర్స్‌ల పాటలున్నాయి. ప్యాటన్ పాటలో తాళం ఉరుకు, ఎస్టిస్ పాటలో మాట బరువు, మెక్‌డవెల్ పాటలో ఒకే వరసను పదేపదే తిప్పి పూనకం తెప్పించే పట్టు. ఇవి మూడు వేరువేరు ఊళ్ల బాణీలని వినేవాళ్లకు తేడా తెలిసేలా వాయించడం హ్యారిస్ గొప్పదనం. పాత రికార్డును అచ్చు గుద్దే ప్రయత్నం మాత్రం కనిపించదు. అరవై డెబ్భై ఏళ్ల కిందటి గొంతును అనుకరించకుండా తన గరుకు గొంతునే వాడుకున్నాడు. సొంత పాట 'రూట్స్ ఉమన్' ఈ పాతవాటి పక్కన వింటే అతుకు కనిపించదు.

ఈ బాణీలో కీలకం స్లైడ్. ఎడమచేతి వేలికి గాజు గొట్టమో లోహపు గొట్టమో తొడిగి, తీగను మెట్టుకు అదమకుండా దాని మీద జార్చుతారు. పగలగొట్టి అంచు నునుపు చేసిన సీసా మెడ ఒకప్పుడు ఇందుకు పనికొచ్చేది. మెక్‌డవెల్ మొదట జేబు కత్తి, తర్వాత గొడ్డు ఎముక, చివరికి గాజు వాడాడు. మన గోటువాద్యం మీద నున్నటి చెక్క జారినట్టే, స్వరం నుంచి స్వరానికి మెట్టు దిగకుండా జారుడుగా పోవచ్చు, రెండు స్వరాల నడిమి సందులో నిలబడనూ వచ్చు. బ్లూస్ బాధ పలికేది ఆ సందులోనే. ఇందుకోసం తీగలను మామూలు శ్రుతిలో కాక, ఏ తీగనూ నొక్కకుండానే మొత్తం ఒక మేళంగా మోగేలా కడతారు. 1927లో వచ్చిన నేషనల్ కంపెనీ లోహపు గిటారు ఈ వాయించే తీరుకు బాగా కుదిరింది. దాని లోపల అల్యూమినియం శంకువులు శబ్దాన్ని పెంచుతాయి. బుకా వైట్ చేతిలో అది దాదాపు రైలింజన్. వేగం, బరువు రెండూ కలిసిన ఆ పద్ధతిని అందుకోవడం ఏ యువ గిటారిస్టుకైనా పరీక్షే, 'బుకాస్ జిటర్‌బగ్ స్వింగ్' పాటతో హ్యారిస్ ఆ పరీక్షకు కూర్చున్నాడు.

ఆలిగేటర్ సంస్థ నుంచి ఇది రావడమూ గమనించదగ్గ విషయం. బ్రూస్ ఇగ్లావర్ 1971లో దాన్ని స్థాపించింది హౌండ్ డాగ్ టేలర్ బ్యాండు హోరును రికార్డు చేయడానికి. అటువంటి సంస్థ ఒంటి గిటారును నమ్ముకుంది. ఆల్బం తర్వాత హ్యారిస్‌కు పెద్ద వేదికలు దొరికాయి. 1998లో బిల్లీ బ్రాగ్, విల్కో కలిసి చేసిన 'మెర్మెయిడ్ అవెన్యూ'లోనూ ఆయన వాయించాడు. తన ఆల్బాలు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు పోయాయి. 1997 నాటి 'ఫిష్ ఏంట్ బైటిన్'లో న్యూ ఆర్లియన్స్ ఇత్తడి బాకాలు చేరాయి. 2000లో పియానిస్టు హెన్రీ బట్లర్‌తో కలిసి 'వూడూ మెంజ్' చేశాడు. తర్వాత రెగె వచ్చింది, ఆఫ్రికా వచ్చింది. మొదటి ఆల్బం నచ్చినవాళ్లలో కొందరికి ఈ మార్పు రుచించలేదు. కానీ పాట ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నను వదలని మనిషి డెల్టా దగ్గరే ఆగకపోవడం సహజం.

2003లో మార్టిన్ స్కోర్సెసీ బ్లూస్ మీద నిర్మించిన ఏడు చిత్రాల వరుసలో స్వయంగా దర్శకత్వం వహించిన మొదటి చిత్రానికి మడ్డీ వాటర్స్ పాట పేరే పెట్టాడు: 'ఫీల్ లైక్ గోయింగ్ హోమ్'. అందులో మిసిసిపీ నుంచి పశ్చిమాఫ్రికాలోని మాలి దాకా ప్రేక్షకుణ్ణి వెంటబెట్టుకు వెళ్లేది హ్యారిసే. మాలిలో అలీ ఫర్కా టూరేతో గిటారు కలిపాడు. ఆ ప్రయాణపు ఫలమే అదే ఏడాది వచ్చిన 'మిసిసిపీ టు మాలి'. రెల్లు పిల్లనగ్రోవి, డప్పుల మేళానికి పెద్ద అయిన ఓథా టర్నర్ కూడా అందులో వాయించవలసింది. రికార్డింగుకు కొద్ది రోజుల ముందు, 2003 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు. తాత దగ్గర నేర్చుకున్న మనవరాలు షార్డే థామస్, పన్నెండేళ్ల పిల్ల, పిల్లనగ్రోవి అందుకుని ఆయన వాయించవలసిన భాగం పూర్తి చేసింది.

2007లో హ్యారిస్‌కు ఐదు లక్షల డాలర్ల మెకార్థర్ ఫెలోషిప్ దక్కింది, ఆయన చదివిన బేట్స్ కాలేజీ అదే సంవత్సరం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆ తర్వాతా ఆయన ఆల్బాలు ఆగలేదు. 2021లో వచ్చిన 'ఇన్‌సరెక్షన్ బ్లూస్'లో చాలా పాటలకు ఆయన మళ్లీ ఒంటి గిటారుతోనే కూర్చున్నాడు.