నంబరు లేని నోటీసు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి ఇవ్వమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు కాకతీయుల మీద రాద్దామనుకున్నాను. కాని సంక్రాంతి వెళ్ళిన వారంలో నాకు జరిగిన పరాభవం తరువాత, కంప్యూటరు దొంగ హెచ్చరికల చరిత్రే మన పెన్షనర్లకు ఎక్కువ అవసరమనిపించింది.

పంచాంగం చూస్తూంటే తెర అంతా ఎర్రబడి సైరను మోగింది. ‘మీ కంప్యూటరులో వైరస్ ఉన్నది, ఆపవద్దు, ఈ నంబరుకు ఫోను చేయండి’ అని ఇంగ్లీషులో నోటీసు. చేశాను. అవతలివాడు ఎంతో మర్యాదగా ‘సార్’ అంటూ ఏదో ప్రోగ్రాము ఎక్కించమన్నాడు. ఆపైన నా చేయి పడకుండానే తెరమీది బాణం కదలసాగింది. ఎర్రగుర్తుల జాబితా చూపి ఇవన్నీ వైరస్‌లే అన్నాడు. ప్రతి యంత్రంలోనూ రోజూ నమోదయ్యే చిల్లర లోపాలవి, హాజరుపట్టీలో లేటు మార్కుల్లాంటివి. ఆ సంగతి మనవరాలు చెప్పేసరికి 8,500 రూపాయలు వెళ్ళిపోయాయి.

ముప్పైఅయిదేళ్ళు నోటీసులు టైపు చేసిన చేయి ఇది. ఆర్.సి. నంబరు, తేదీ, సంతకం లేని కాగితాన్ని తిప్పికొట్టేవాణ్ణి. ఆ రోజు ఆ మూడూ లేని దానికి తలవంచాను.

ఈ విద్య ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందే ఉంది. 1986లో లాహోరుకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు రాసిన ‘బ్రెయిన్’ వైరస్‌లో వారి పేర్లు, చిరునామా, ఫోను నంబర్లు ఉండేవి. ఆ కాలపు వైరస్‌కు ఆపాటి నిజాయితీ ఉండేది! 1989లో ఎయిడ్స్ వ్యాధి సమాచారం పేరిట సుమారు 20,000 ఫ్లాపీలు పోస్టులో అనేక దేశాలకు వెళ్ళాయి. కంప్యూటరు 90 సార్లు వెలిగించాక ఫైళ్ళ పేర్లు గల్లంతయ్యేవి. ‘లీజు రుసుము’ 189 డాలర్లు పనామాలోని ఒక పోస్టుబాక్సుకు పంపాలని అచ్చం బిల్లులాగే నోటీసు వచ్చేది. అరెస్టయినవాడు జోసెఫ్ పాప్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త. చదువుకున్నవాడే.

తరువాతివాళ్ళకు ఫైళ్ళు పాడుచేసే శ్రమ కూడా అక్కరలేకపోయింది. ‘విన్‌ఫిక్సర్’ వంటివి లేని వైరస్‌లు ఉన్నాయని చూపి మందు అమ్మేవి. 2008 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ముఠా మీద కోర్టుకెక్కింది. పది లక్షలమందికి పైగా మోసపోయారని అభియోగం. 2012లో 16 కోట్ల డాలర్లకు మించి చెల్లించమని తీర్పు వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులోనే ఫోను మోసగాళ్ళమీద అదే కమిషన్ పెట్టిన కేసుల్లో ఎక్కువ ముఠాలు మన దేశంలోనివే. రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆ ఎర్ర తెర ఉత్త వెబ్ పేజీ మాత్రమే. పవర్ బటను కాసేపు నొక్కిపట్టుకుంటే యంత్రం ఆరిపోతుంది, హెచ్చరికా పోతుంది. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోను నంబరు ఇవ్వదు. నా విషయంలో అసలు గూఢచారి నేను చేజేతులా ఎక్కించుకున్న ప్రోగ్రామే. మనవరాలు ముందు నెట్ తీసేసి, దాన్ని తొలగించి, బ్యాంకు పాస్‌వర్డు తన ఫోనులోంచి మార్పించింది.

చెబితే నవ్వుతారని రెండు రోజులు మా ఆవిడకు కూడా చెప్పలేదు. 1930కి వెంటనే ఫోను చేసి ఉంటే డబ్బు మధ్యలో ఆగే అవకాశం ఉండేదట. మూడోనాడు చేశాను. ఫిర్యాదు నంబరూ తేదీ డైరీలో ఎక్కించుకున్నాను. డబ్బు ఇంకా రాలేదు.