ఎల్లరకు అందిన వీరగాథ

1986వ సంవత్సరము మే 27వ తేదీన జపాను దేశపు దుకాణములలో ‘డ్రాగన్ క్వెస్ట్’ అను వీడియో గేమ్ అమ్మకమునకు వచ్చినప్పుడు, అరచేతిలో ఇమిడిపోవు ఆ ప్లాస్టిక్ కార్ట్రిడ్జిని చూచి, ఇది ఒక తరమువారి బాల్యమునంతటిని తనతో ముడివేసికొనగలదని తలచుటకు తగిన లక్షణమేదియు పైకి కనబడియుండదు. కథ చూడబోయిన అతిపురాతనము: డ్రాగన్‌రాజు లోకమునకు శాంతినొసగు వెలుగుగోళమును అపహరించినాడు, రాజకుమారి లోరా చెరలో నున్నది, పూర్వము లోకమును రక్షించిన రోటో అను వీరుని వంశమున జన్మించిన యువకుడొకడు ఒంటరిగా బయలుదేరవలసియున్నది. ఇట్టి కథ వినక పెరిగిన బాలుడు ఏ దేశమునను ఉండడు. అయినను ఇన్ని దశాబ్దములు గడచిన పిదప గూడ మే 27 ఆ దేశమున ‘డ్రాగన్ క్వెస్ట్ దినము’గా గుర్తింపబడుచున్నది. ఎన్నడును ఇట్టి ఆట ఆడియెరుగనివానిని గౌరవించి, వానికి అవమానము కలుగకుండ వీరగాథలోనికి నడిపింపవలెనన్న దృఢసంకల్పమే ఆ ఆకర్షణకు మూలమని నా నిశ్చితాభిప్రాయము.

నాటి పరిస్థితి కొంత తెలిసికొననిదే ఆ సంకల్పపు విలువ బోధపడదు. 1983 జూలైలో నింటెండో సంస్థ విడుదల చేసిన ఫ్యామికామ్ యంత్రము జపానువారి ఇండ్లలోని టెలివిజన్లను క్రీడాస్థలములుగ మార్చివైచెను. 1985లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆ వైభవమునకు మకుటాయమానమైనది. ఆ ఆటలలో జయము చాలవరకు వ్రేళ్ళ చురుకుదనమునకే దక్కెడిది. కన్ను చూచినదానిని చేయి తత్క్షణమే చేయజాలనివాడు, ఎంతటి బుద్ధిమంతుడైనను, మొదటి గుంటలోనే పడిపోవుచుండెను. మరియొకవంక అమెరికాలో, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో ప్రచురించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను బల్లమీది ఆట ప్రేరణతో పుట్టి, ‘అల్టిమా’, ‘విజర్డ్రీ’ వంటి పేర్లతో కంప్యూటరులోనికి ప్రవేశించిన రోల్ ప్లేయింగ్ గేములు వేరొక విధమైన ఆనందమును చూపుచుండెను. అందు ఆటగాడు ఒక పాత్రను ధరించి, యుద్ధములవలన అనుభవమును గడించి, ఆ అనుభవము అంకెల రూపమున బలముగ పరిణమింపగా, నిన్న తన్ను నేలగూల్చిన భూతమును నేడు తాను నేలగూల్చును. కాని ఆ ఆనందమును పొందుటకు ఖరీదైన కంప్యూటరు, కీబోర్డు వాడుక, దళసరి సూచనపుస్తకములు చదువునంతటి ఓపిక కావలసియుండెను. జపాను బాలునకు పరభాష యను గోడ అదనము.

ఆ గోడను కూల్చిన యూజీ హోరీ 1954లో అవాజీ ద్వీపమందలి సుమోటో పట్టణమున జన్మించి, టోక్యోలోని వాసెడా విశ్వవిద్యాలయమున సాహిత్యము చదివి, పత్రికలకు వ్యాసములు వ్రాసి జీవించుచు, కంప్యూటరు విద్యను స్వయముగ నేర్చుకొన్నవాడు. 1982లో ఎనిక్స్ సంస్థ ఆటల నిర్మాణమునకు పోటీ ప్రకటింపగా ఆయన ఒక టెన్నిస్ ఆటను పంపి బహుమానము పొందెను. ఆ పోటీలోనే కొయిచీ నకమురా అను హైస్కూలు విద్యార్థి ‘డోర్ డోర్’ అను ఆటకు బహుమానము గైకొనెను. వీరిరువురును 1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆపిల్ కంప్యూటర్ల ప్రదర్శనకు పోయి, అక్కడ ‘విజర్డ్రీ’ని చూచి ముగ్ధులై మరలివచ్చిరి. హోరీ పత్రికారచయిత యగుట ఈ చరిత్రలో మిక్కిలి ముఖ్యమైన విషయమని నేననుకొందును. ఏలయన, మొదటి వాక్యము గుచ్చుకొననిచో పాఠకుడు పుట త్రిప్పివేయునన్న భయము పత్రికలలో పనిచేసినవానికి తెలిసినంతగా యంత్రవిద్యాపండితునకు తెలియదు.

ఆ ఏడే ఆయన రచించిన ‘పోర్టోపియా’ యను హత్యాపరిశోధన కథలో ఆటగాడు ఆజ్ఞలను కీబోర్డుమీద టైపు చేయవలసియుండెను. 1985లో దానిని ఫ్యామికామ్‌కు మార్చినప్పుడు, ఆ యంత్రమునకు కీబోర్డు బదులు నాలుగు దిక్కులను చూపు ఒక మీటయు రెండు ముఖ్యమైన మీటలును మాత్రమే యుండుటచే, ఆజ్ఞలన్నియు తెరమీద పట్టికగ నిలిచినవి. ఆటగాడు కావలసినదానిని ఎన్నుకొనిన చాలును. ఆ పట్టికయే మరుసటి సంవత్సరము ‘డ్రాగన్ క్వెస్ట్’కు వెన్నెముక యయ్యెను. ‘అల్టిమా’నుండి పైనుండి చూచు దేశపటమును, ‘విజర్డ్రీ’నుండి శత్రువు ఎదురుగ నిలుచు యుద్ధదృశ్యమును గ్రహించి, వానిలోని జటిలత్వమునంతటిని తీసివైచి, హోరీ ఒకే వీరుని, వానికెదురుగ ఒకే శత్రువును మిగిల్చెను. శత్రువు ఆటగాని నిర్ణయమునకై వేచియుండును, గడియారము తరుమదు. తొందరపడలేని చేతులకు, ఆలోచించి అడుగువేయు స్వభావమునకు ఆ ఆట చోటొసగెను.

ఇదంతయు 64 కిలోబైట్ల స్థలములో జరుగవలసివచ్చెను. నేటి ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము దీనికి ఎన్నో రెట్లు స్థలమును ఆక్రమించును. దేశపటము, నగరములు, గుహలు, భూతములు, సంగీతము, సంభాషణలు సమస్తమును అంతలో ఇముడ్చుటకై నకమురా బృందము జపాను లిపులలో నొకటియైన కటకానాలోని అక్షరములను సైతము ఏరివేసి 20 మాత్రమే నిలుపుకొనెను. ఆ లిపిలో వ్రాయవలసిన భూతముల పేర్లును మంత్రముల పేర్లును ఆ ఇరువది అక్షరములతోడనే కూర్చబడినవి. సూత్రములో అర్ధమాత్ర తగ్గినచో పుత్రోత్సవమంత సంబరపడు మన వైయాకరణులు ఆ గదిలో నుండియున్నచో వీరిని ఆలింగనము చేసికొనియుందురు. ఆ లాఘవమువలన సంభాషణలకు కూడ ఒక శోభ కలిగినది. గ్రామమున ఎదురైన ముసలివాడు ఒకటి రెండు వాక్యములకంటె పలుకడు. కాని ఆ వాక్యములో ఒక గుహ జాడయో, ఒక ఆయుధము పేరో, పోయినవారి దుఃఖమో నిక్షిప్తమై యుండును. పది గ్రామములలో పదిమంది పలికిన ముక్కలను బాలుడు తన మనస్సులో తానే కూర్చుకొని కథను అల్లుకొనును.

ఈ ఆటలో అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచునది దాని మొదటి గది. రదతోము కోటలో రాజసింహాసనమునెదుట కథ ప్రారంభమగును. గది తలుపు తాళము వేసియున్నది. రాజు కార్యభారమును అప్పగించును. గదిలో మూడు పెట్టెలు కలవు: ఒకదానిలో 120 బంగారు నాణెములు, ఒకదానిలో కాగడా, ఒకదానిలో తాళపుచెవి. బయటికి పోవలెనన్నచో ఆటగాడు మాటలాడుట, పెట్టె తెరచుట, తలుపు తీయుట, మెట్లు దిగుట అను ఆజ్ఞలను ఒక్కొక్కటిగ పట్టికనుండి ఎన్నుకొనక తప్పదు. ఆ నాలుగు పనులు చేసి కోట దాటునప్పటికి వానికి ఆట ఆడుట వచ్చియే యుండును. తానొక పాఠము చదివితినని వానికి తోచనైన తోచదు. గురువు కనబడని గురుకులమని దానిని నేనందును. బయట అంగడిలో రాగిఖడ్గము వెల 180 నాణెములు, చేతిలోనున్నవి 120. ఆ వ్యత్యాసములోనే కోరిక పుట్టును. దుడ్డుకర్రతో సరిపెట్టుకొని పొలిమేరలో భూతములను కొట్టి, నాణెము మీద నాణెము చేర్చి, ఆ ఖడ్గమును కొనితెచ్చుకొన్న బాలునకు కలిగిన గర్వము, అది ఎంత చిన్న వస్తువైనను, వాని స్వార్జితము.

కోట వెలుపలకు వచ్చినంతనే ఆగ్నేయదిశగ, నీటికి ఆవలియొడ్డున, డ్రాగన్‌రాజు కోట కనబడును. చేరవలసిన చోటు కంటియెదుటనే యున్నది. త్రోవ మాత్రము లోకమునంతటిని చుట్టివచ్చును. ఎచ్చటికైనను పోవుటకు ఆటగాడు స్వతంత్రుడు, కాని వంతెన దాటినకొలది ఎదురగు భూతములు భయంకరములగుచుండును. ఏ శాసనమును లేకయే వంతెన ఒక హెచ్చరికగ నిలుచును. ఒకవేళ వీరుడు మరణించినచో రాజసన్నిధిలో తిరిగి ప్రాణము పొందును. రాజు కొంత మందలించును, నాణెములలో సగము పోవును, గడించిన అనుభవము మాత్రము రవంతయు తరుగదు. ఈ చివరి నియమములో హోరీ హృదయము సంపూర్ణముగ తెలియుచున్నది. ఓటమికి శిక్ష కలదు, కాని పడిన శ్రమ వ్యర్థము కాదు. చేతిచురుకులేనివాడు మరికొంతసేపు పొలిమేరలో శ్రమించి, ఒక మెట్టు బలము పెంచుకొని, మరల పోవచ్చును. ఒకే విధమైన యుద్ధములను పదేపదే చేయుట విసుగుగొలుపునని విమర్శకులు చెప్పెడి మాటలో సత్యము లేకపోలేదు. ముఖ్యముగ కథాంతభాగమున ఆ విసుగు నిజముగనే బాధించును. అయినను ఆ పునరావృత్తి లేనిచో ఈ ఆట నేర్పరులకు మాత్రమే మిగిలిపోయెడిది.

చిత్రములు గీసినవాడు అకిరా తోరియామా. అప్పటికే ఆయన ‘డ్రాగన్ బాల్’ చిత్రకథ జపాను బాలలకు కంఠస్థము. పడమటి ఆటలలో స్లైమ్ అనునది నేలమీద ప్రాకు జుగుప్సాకరమైన జిగురుముద్ద. హోరీ పంపిన నమూనా గూడ ముద్దగనే యుండగా, తోరియామా దానిని కొనదేరిన నీటిబొట్టుగ మలచి, రెండు గుండ్రని కన్నులును ఒక చిరునవ్వును చేర్చెను. మొట్టమొదట ఎదురగు శత్రువు నవ్వుచు ఎదురుపడుటచే భయము కుతూహలముగ మారినది. దానిని చంపినందుకు లభించు అనుభవము 1 మాత్రమే. అయినను ఆ నీలిబిందువు ఈ ఆటలమాలకంతటికిని చిహ్నమైనది.

సంగీతకర్త కొయిచీ సుగియామా చలనచిత్రములకును టెలివిజన్‌కును పనిచేసి పేరుపొందినవాడు, ఏబది ఏండ్లు దాటినవాడు. ఎనిక్స్ వారు అమ్మిన షోగీ (జపాను చదరంగము) ఆటను ఆడి, దానితో వచ్చిన అభిప్రాయపత్రమును నింపి పంపగా, ఆ సంస్థవారు ఆ పేరు చూచి ఆశ్చర్యపడి ఆయనను ఆహ్వానించిరి. మూడు స్వరములును ఒక రొదయును మాత్రమే పలుకగల ఆ యంత్రముచేత ఆయన కోటకు బరోక్ పద్ధతి గాంభీర్యమును, గుహకు దిగులును పలికించెను. గుహలో ఒక్కొక్క అంతస్తు దిగినకొలది అదే రాగము మరింత మందగించి, మరింత క్రిందిస్థాయికి దిగజారును. 2021 జూలై 23న టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవమున క్రీడాకారుల ఊరేగింపు ఆయన కూర్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ ప్రారంభగీతముతోడనే మొదలయ్యెను. ఆ సెప్టెంబరులోనే ఆయన కీర్తిశేషుడయ్యెను. తోరియామా 2024 మార్చిలో దివంగతుడయ్యెను.

మొదట కొంతకాలము ఆట మందకొడిగ అమ్ముడుపోయినది. హోరీ స్వయముగ ‘షోనెన్ జంప్’ వారపత్రికలో దానిని పరిచయము చేయుచు వ్రాసిన వ్యాసములు పాఠకులలో ఆసక్తి రగిల్చినవి. క్రమముగ జపానులో దాదాపు 15 లక్షల ప్రతులు చెల్లినవి. ఆటను మధ్యలో ఆపి మరునాడు కొనసాగించుటకు కార్ట్రిడ్జిలో సాధనము లేదు. రాజు 20 అక్షరముల మంత్రము చెప్పును, దానిని కాగితముమీద వ్రాసికొని మరునాడు తప్పులేకుండ ఎక్కింపవలెను. 1987లో వచ్చిన రెండవ భాగమున ఆ మంత్రము గరిష్ఠముగ 52 అక్షరములకు పెరిగినది. మసకతెరమీద ఒక్క అక్షరమును పొరపాటున చదివిన బాలుర దుఃఖము జపానులో నేటికిని ముచ్చటగ చెప్పుకొనబడుచున్నది. మూడవ భాగము 1988 ఫిబ్రవరి 10న, బుధవారమునాడు, విడుదలకాగా దుకాణములయెదుట వరుసలు తీరినవి; మొదటిదినముననే పదిలక్షల ప్రతులు అమ్ముడుపోయినవి; బడి మాని వచ్చిన వందలాది విద్యార్థులను పోలీసులు పట్టి మందలించిరి. ఇకమీదట ఈ ఆటలు సెలవుదినములలోనే విడుదల కావలెనని ప్రభుత్వము శాసనము చేసినదన్న కథ దేశదేశముల వ్యాపించినది గాని అట్టి శాసనమేదియు లేదు. 1989లో ‘డ్రాగన్ వారియర్’ అను పేరుతో అమెరికా చేరిన మొదటి భాగము మాత్రము అంతగా ఆదరింపబడకపోగా, నింటెండో వారు తమ పత్రికకు చందా కట్టినవారికి దానిని ఉచితముగ పంచిపెట్టిరి.

కథాంతమున, నీటికావల మొదటినుండియు కనబడుచుండిన ఆ కోటలో, డ్రాగన్‌రాజు యుద్ధమునకు ముందు వీరునితో బేరమాడును: నా పక్షమున చేరినచో లోకములో సగము నీకిచ్చెదను, సమ్మతమా? పట్టికలో ‘అవును’, ‘కాదు’ రెండును కలవు. పూర్వమొక సందర్భమున రాజకుమారి లోరా తన్ను ప్రేమింతువా యని అడిగినప్పుడు ‘కాదు’ అన్నను ఆమె అంగీకరింపక మరల అడుగుచునే యుండును. అచట ఎంపిక పేరునకు మాత్రమే. ఇచటనో, ‘అవును’ అనినచో ఆట నిజముగనే అంతమగును, వీరుడు ఓడును. అన్ని దినములు చేయిపట్టి నడిపించిన హోరీ ఈ ఒక్కచోట చేయి విడిచి, నిర్ణయమును పూర్తిగ ఆటగానికే వదలివైచెను. 2016 జనవరిలో జపానులో వెలువడిన ‘డ్రాగన్ క్వెస్ట్ బిల్డర్స్’ ఆ ‘అవును’ అన్న వీరుని తరువాతి లోకమునే కథావస్తువుగ గైకొన్నది: అందు చీకటి క్రమ్మిన అలెఫ్‌గార్డ్ అను దేశమున మానవులు వస్తువులను నిర్మించు విద్యనే మరచిపోయియుందురు, ఆటగాడు మట్టియు రాయియు కట్టెయు సేకరించి, శిథిలమైన ఊళ్ళను తిరిగి కట్టుచు, చెదరిన జనులను ఒక్కొక్కరిగ అచటికి రప్పింపవలసియుండును.