దేవుడి గదిలో రంగుల స్ట్రిప్ లైట్లు: 12 వోల్టులే కదా అనుకోకండి

రెండేళ్ల క్రితం దీపావళికి డాలస్ శివారులోని మా ఇంట్లో దేవుడి మందిరం చుట్టూ రంగులు మారే ఎల్‌ఈడీ స్ట్రిప్ అతికించాను. ఐదు మీటర్ల రీలు ఒకటి చాల్లేదు. రెండోది తెచ్చి మొదటిదాని చివర తగిలించాను. అడాప్టర్ మాత్రం మొదటి రీలుతో వచ్చినదే. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. పూజ అయిన గంటకి, ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మ వంటింట్లోకి వచ్చి, "ఒరే, దేవుడి దగ్గర ఏదో కమురు వాసన వస్తోంది, చూడు" అంది. దీపం కొండెక్కి ఉంటుందిలే అనుకుంటూ వెళ్లాను. అడాప్టర్ పిన్ను స్ట్రిప్‌తో కలిసే చోట ప్లాస్టిక్ మెత్తబడి గోధుమరంగుకి తిరిగింది. దానికి జానెడు దూరంలో, వెనక అలంకరణకి కట్టిన పట్టుచీర అంచు ఉంది.

"12 వోల్టులే కదా, ఏమవుతుంది" అన్నదే నా ధీమా. 12 వోల్టులు షాక్ కొట్టవు, నిజమే. కానీ నిప్పు అంటుకోవడానికి షాక్ అక్కర్లేదు, వేడి చాలు. వేడి పుట్టించేది ఆంపియర్లు. ఆ తర్వాత అంతా పీకేసి, లెక్క వేసుకుని మళ్లీ కట్టాను. ఈ పండక్కి మీ ఇంట్లో కట్టబోతుంటే ఇవి చూసుకోండి.

ముందు ఏ రకమో తెలుసుకోండి

మామూలు రంగుల స్ట్రిప్‌కి నాలుగు తీగలుంటాయి. ఒకటి ప్లస్, మిగిలిన మూడూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులవి. స్ట్రిప్ మొత్తం ఒకేసారి ఒకే రంగుకి మారుతుంది. ఇవి 12 లేదా 24 వోల్టులవి.

రెండో రకంలో ప్రతి బల్బూ వేరే రంగు చూపగలదు, రంగులు పరుగెడుతున్నట్టు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువగా దొరికే డబ్ల్యూఎస్2812బీ రకం 5 వోల్టులది. దానికి మూడే తీగలు: ప్లస్, గ్రౌండ్, డేటా. స్ట్రిప్ మీద బాణం గుర్తు ఉంటుంది, కంట్రోలర్ బాణం మొదలయ్యే వైపే ఉండాలి. ఒకదాని కంట్రోలర్ రెండోదానికి పనికిరాదు. 12 వోల్టుల అడాప్టర్‌ని 5 వోల్టుల స్ట్రిప్‌కి తగిలిస్తే స్ట్రిప్ అక్కడికక్కడే పోతుంది. మొదటిసారి కట్టేవాళ్లు 24 వోల్టుల నాలుగు తీగల రకం తీసుకోమని నా సలహా. ఎందుకో లెక్కలో తెలుస్తుంది.

లెక్క

మీటరుకి 60 బల్బులుండే 5050 రకం స్ట్రిప్, మూడు రంగులూ పూర్తిగా వెలిగితే, మీటరుకి 14.4 వాట్లు తింటుంది. ఐదు మీటర్లకి 72 వాట్లు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 12 వోల్టులైతే 6 ఆంపియర్లు, 24 వోల్టులైతే 3.

నా అడాప్టర్ 12 వోల్టులు, 5 ఆంపియర్లది, అంటే 60 వాట్లు. మొదటి రీలుకే అది చాలదు. నేను దాని మీద 144 వాట్ల బరువు పెట్టాను. పైగా గుండ్రటి పిన్ను సాకెట్లు సాధారణంగా 5 ఆంపియర్ల దాకానే మోయగలవు. కాలింది అక్కడే.

అడాప్టర్‌ని ఎప్పుడూ పూర్తి సామర్థ్యం మీద నడపకూడదు. నూటికి ఎనభై వంతు దాటకుండా చూసుకోండి. 72 వాట్ల స్ట్రిప్‌కి కనీసం 90 వాట్ల అడాప్టర్ కావాలి. అమెరికాలో అడాప్టర్ మీద "క్లాస్ 2" అని రాసి ఉంటే, అది ఇవ్వగల కరెంటుకి పరిమితి ఉందని అర్థం. నిప్పు ప్రమాదం తగ్గుతుంది. 12 వోల్టుల్లో అలాంటివి 60 వాట్ల దాకానే దొరుకుతాయి. 24 వోల్టుల్లో 96 వాట్లవి దొరుకుతాయి. అందుకే 24 అన్నాను. యూఎల్ లేదా ఈటీఎల్ గుర్తు ఉన్నదే కొనండి.

కంట్రోలర్‌కీ పరిమితి ఉంటుంది. రిమోట్‌తో వచ్చే చిన్న కంట్రోలర్లు చాలావరకు మొత్తం 6 ఆంపియర్లకే. అది దాటితే ఆంప్లిఫయర్ పెట్టి, రెండో భాగానికి వేరే అడాప్టర్ ఇవ్వాలి.

కత్తిరించడం, కలపడం

స్ట్రిప్‌ని గీత ఉన్న చోటే కత్తిరించాలి. 12 వోల్టుల దాంట్లో మామూలుగా మూడు బల్బులకోసారి, 24 వోల్టుల దాంట్లో ఆరింటికోసారి గీత వస్తుంది. కలపడానికి క్లిప్పులు వాడొచ్చు గానీ, ఎక్కువ కరెంటు పోయే మొదటి అతుకుని సోల్డరింగ్ చేయడమే మేలు. క్లిప్పు వదులైతే అక్కడే వేడెక్కుతుంది.

తీగ రంగుని నమ్మకండి. ఈ స్ట్రిప్‌లలో చాలావాటికి నల్ల తీగే ప్లస్. స్ట్రిప్ మీద అచ్చు వేసిన గుర్తులు చూసి కలపండి.

స్ట్రిప్‌తో వచ్చే తీగలు సన్నవి. అడాప్టర్ దూరంగా ఉంటే 18 గేజి తీగ వాడండి. గేజి సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. గోడ లోపల నుంచి లాగాలంటే సీఎల్2 అని అచ్చు ఉన్న తీగే వాడాలి.

రెండు రీళ్లుంటే నాలాగా ఒకదాని తోకకి ఇంకోటి కట్టకండి. కంట్రోలర్ దగ్గర నుంచి రెండింటికీ విడివిడిగా తీగలు లాగండి. అప్పుడు మొదటి రీలు రాగి పట్టీల మీద రెండో దాని భారం పడదు.

నల్ల తీగ సంగతి

మనలో చాలామంది చిన్నప్పుడు టెస్టర్ పట్టుకుని ఇంట్లో ఫ్యూజు వేసినవాళ్లమే. ఆ ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఇండియా వైరింగులో నలుపు న్యూట్రల్. అమెరికాలో నలుపే కరెంటు ఉన్న తీగ, తెలుపు న్యూట్రల్. గోడ కరెంటుని స్క్రూలతో బిగించే రేకు డబ్బా పవర్ సప్లైలు చవగ్గా దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దు. ప్లగ్గుతో, మూసి ఉన్న అడాప్టరే కొనండి.

ఇండియా నుంచి తెచ్చుకునేవి

సూట్‌కేసులో వచ్చే సీరియల్ సెట్లు 230 వోల్టులవి. అమెరికా సాకెట్‌లో 120 వోల్టులే ఉంటాయి కాబట్టి అవి మసగ్గా వెలుగుతాయి, లేదా అసలు వెలగవు. ఇక్కడి 120 వోల్టుల దండని ఇండియాలో పెడితే మాడిపోతుంది. ప్లగ్ కన్వర్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టుల్ని మార్చదు. బ్రిటన్‌లో వోల్టుల తేడా లేదు గానీ ప్లగ్గులో ఫ్యూజు ఉంటుంది. ఇలాంటి చిన్న వాటికి 13 కాదు, 3 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి.

దేవుడి గదిలో జాగ్రత్తలు

స్ట్రిప్‌ని రీలు చుట్టి ఉండగా వెలిగించకండి, వేడి బయటికి పోదు. వీలైతే అల్యూమినియం పట్టీలో అతికించండి. అడాప్టర్‌ని చీర వెనకా, తివాచీ కిందా దాచకండి, దానికి గాలి ఆడాలి. దీపం, హారతి కర్పూరం దగ్గరికి తీగలు రానీయకండి. అభిషేకం నీళ్లు, నూనె పడే చోట ఐపీ65 రకం, అంటే సిలికాన్ పూత ఉన్నది వాడండి. అడాప్టర్ మాత్రం నేల మీద కాకుండా ఎత్తులో ఉండాలి. ఇంటి బయట కడితే జీఎఫ్‌సీఐ సాకెట్‌కే పెట్టండి.

ఏదైనా తేడా వస్తే

తెలుపు రంగు పెడితే చివరికి వెళ్లేసరికి ఎర్రబడుతోందా? దారిలో వోల్టులు తగ్గుతున్నాయి. నీలం, ఆకుపచ్చ బల్బులకి ఎరుపు కంటే ఎక్కువ వోల్టులు కావాలి కాబట్టి అవే ముందు డీలాపడతాయి. రెండో చివర నుంచి కూడా అదే కంట్రోలర్ తీగలు కలపండి. ఎరుపు నొక్కితే ఆకుపచ్చ వస్తే రెండు తీగలు తారుమారయ్యాయి, ప్రమాదం లేదు. ఒక రంగు అసలు రాకపోతే క్లిప్పు సరిగా పట్టలేదు. మినుకుమినుకుమంటే అడాప్టర్ చాలడం లేదు, లేదా అతుకు వదులైంది. అప్పుడు వెంటనే ఆపేయండి.

అన్నీ కట్టాక పూర్తి తెలుపులో గంటసేపు వెలిగించి, అడాప్టర్‌నీ ప్రతి అతుకునీ చేత్తో తాకి చూడండి. వెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లెక్క ఎక్కడో తప్పింది.

మా ఇంట్లో ఇప్పుడు 24 వోల్టుల స్ట్రిప్‌లు రెండున్నాయి, దేని అడాప్టర్ దానిదే. అయినా రాత్రి పడుకునే ముందు ప్లగ్గు తీసేస్తాం. మొన్న పండక్కి అమ్మ వీడియో కాల్‌లో దీపాలు చూసి మెచ్చుకుని, పెట్టేసే ముందు అడిగింది: "వాసనేమీ రావట్లేదు కదరా?"