ఒళ్ళు రుద్దిన చేతులు, దక్కని నీళ్ళు

స్నానాల ఊళ్ళ చరిత్ర పేరుతో మనకు దొరికేది చాలావరకు యజమానుల, డాక్టర్ల చరిత్రే. అమెరికాలో అర్కన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్ ఊరిని అక్కడ చాకిరీ చేసినవాళ్ళ వైపు నుంచి చూస్తే వేరే కథ కనబడుతుంది.

కొండ అడుగున 40కి పైగా వేడినీటి ఊటలు. క్వాపా ఆదివాసులు 1818 ఒప్పందంతో ఆ భూమిని పోగొట్టుకున్నారు. 1832లో అమెరికా ప్రభుత్వం ఊటల్ని తన ఆస్తిగా రిజర్వు చేసుకుంది. 1921లో అది నేషనల్ పార్క్ అయింది. అంటే ఆ నీళ్ళు ఏ దొర సొంత బావివీ కావు, సర్కారువి. స్నానశాలల వాళ్ళు సర్కారుకి డబ్బు కట్టి వాడుకునేవాళ్ళు. ఇది గుర్తుంచుకోవాలి. మహద్ చవదార్ చెరువు కూడా మునిసిపాలిటీదే గదా. అందరూ వాడుకోవచ్చని 1924లోనే తీర్మానం చేశారు. అయినా 1927లో అంబేడ్కర్ వేలమందితో నడిచివెళ్ళి తాగాల్సివచ్చింది.

హాట్ స్ప్రింగ్స్‌లో ఒకే వరుసన కట్టిన పెద్ద స్నానశాలల్లో తొట్టి నింపినవాళ్ళు, ఒళ్ళు రుద్దినవాళ్ళు, తుండు చుట్టినవాళ్ళు ఎక్కువమంది నల్లవాళ్ళే. పెన్సిలిన్ రాకముందు సిఫిలిస్ రోగులు ఇక్కడికి బారులు తీరేవాళ్ళు. వాళ్ళ ఒంటికి పాదరసం లేపనం పట్టించడం కూడా ఒక పనే. పొద్దస్తమానం అంత చేసినా ఆ తొట్లలో నల్లవాళ్ళు స్నానం చెయ్యడానికి లేదు.

ఇక్కడ నాకొక చిక్కు ఎదురైంది. మనం అంటరానితనాన్ని తాకుడుతో కొలుస్తాం. అక్కడ తాకుడుకి అడ్డు లేదు, తెల్ల ఒంటిని నల్ల చెయ్యే తోమాలి. అడ్డల్లా సాటి మనిషిగా తొట్టిలో కూర్చోవడానికే. ఆలోచిస్తే ఇది మనకూ కొత్తేం కాదు. మా నాయనమ్మ మంత్రసానితనం చేసింది. పెద్దిళ్ళ బిడ్డల్ని మొట్టమొదట పట్టుకున్నవి ఆమె చేతులే. ఆ ఇళ్ళ బావిలో చేద వెయ్యడానికి మాత్రం అవి పనికిరాలేదు.

నల్లవాళ్ళు ఊరుకోలేదు. 1904లో తమకోసం క్రిస్టల్ స్నానశాల వెలిసింది. 1913 అగ్నిప్రమాదంలో అది కాలిపోయింది. మరుసటేడే నల్లవాళ్ళ సోదర సంఘం ఒకటి మాల్వెర్న్ అవెన్యూలో పిథియన్ స్నానశాల తెరిచింది. 1920ల్లో జాన్ వెబ్ నాయకత్వంలోని వుడ్‌మెన్ ఆఫ్ యూనియన్ హోటలు, ఆసుపత్రి, స్నానశాల, సభామందిరం అన్నీ ఒకే భవనంలో నడిపింది. సంఘం చందాల బలం అది. దాన్ని వట్టి వ్యాపారమని కొట్టిపారెయ్యలేం.

1964 పౌరహక్కుల చట్టం తలుపులు తెరిచేనాటికి వైద్యం మారిపోయింది, స్నానాలు పడిపోయాయి. 1915లో మొదలైన ఫోర్డైస్, ఆ వరుసలో అతి ఆడంబరమైనది, 1962లోనే మూతబడింది. 1989 నుంచి అది పార్కు సందర్శకుల కేంద్రం. మగవాళ్ళ స్నానాల గదిలో ఇప్పటికీ ఒక విగ్రహం ఉంది: ఆదివాసీ పడుచు నీళ్ళు అందిస్తుంటే స్పెయిన్ దండయాత్రికుడు డి సోటో అందుకుంటున్నాడు.