మామ్మగారి పెరడు

బెర్ట్ ఎక్కడ? సోషల్ వర్కర్ మళ్లీ అడిగింది. గుమ్మంలో తెల్లజుట్టు, పెద్ద కళ్లద్దాలు, కమ్మని నవ్వు. మెక్సికో వెళ్లాడంది ఇంటావిడ. వచ్చేస్తాడంది. ఆగస్టు పోయింది. సెప్టెంబర్, అక్టోబర్ కూడా పోయాయి. బెర్ట్ రాలేదు.

1988. కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటో. 1426, ఎఫ్ స్ట్రీట్. పాతకాలపు రెండంతస్తుల ఇల్లు, చుట్టూ పూలమొక్కలు. డొరోథియా పుయెంటే అక్కడ గదులు అద్దెకిచ్చి, వేళకు వేడిగా వండిపెడుతుంది. నా అన్నవాళ్లు లేని ముసలివాళ్లనీ, తాగుడు మానలేనివాళ్లనీ, మతిస్థిమితం తప్పినవాళ్లనీ, ఊళ్లో ఇంకెవరూ గడప తొక్కనివ్వని వాళ్లందరినీ ఆవిడ రమ్మంటుంది. స్కిజోఫ్రీనియాతో బాధపడే అల్వారో 'బెర్ట్' మోంటోయా ఆ ఫిబ్రవరిలో అలాగే వచ్చాడు. దింపడానికొచ్చిన సోషల్ వర్కర్ ఇల్లు చూసింది, ఆవిడ ఆప్యాయత చూసింది. నిశ్చింతగా వెళ్లింది. చూడనిది ఒక్కటే. కోర్టు కాగితం.

వృద్ధులకు మత్తుమందు పెట్టి దోచుకున్నందుకు 1982లో ఆవిడకు శిక్ష పడింది. 1985లో విడుదల. ముసలివాళ్ల జోలికి పోకూడదు, వేరేవాళ్ల పేర వచ్చే ప్రభుత్వ చెక్కులు ముట్టుకోకూడదు. షరతులివి. ఆ తర్వాత పెరోల్ అధికారులు కనీసం 15 సార్లు ఆ ఇంటికొచ్చారు. ఇంట్లో ఉంటున్నది ఎవరో చూస్తే తెలిసేదే. తప్పేమీ కనిపించలేదట!

వీధివాళ్లకు మాత్రం ఒకటి తెలిసేది. కంపు. అడిగితే చేపల ఎరువనేది, డ్రైనేజీ అనేది. పెరట్లో పనివాళ్ల చేత గుంతలు తవ్వించేది. కొన్నిచోట్ల పైన కాంక్రీటు పోయించేది.

నవంబర్ 7న సోషల్ వర్కర్ పోలీసులకు ఫిర్యాదిచ్చింది. వాళ్లొచ్చి అద్దెకున్నవాళ్లను అడిగారు. బెర్ట్‌ను మొన్నే చూశానన్నాడొకాయన. ఇంటావిడ వింటోంది. ఆమె కళ్లు అటు తిరగగానే పోలీసు చేతిలో ఒక చీటీ పెట్టాడు. తన చేత అబద్ధం చెప్పిస్తోందని అందులో రాశాడు.

నవంబర్ 11. పెరట్లో పారలు దిగాయి. డిటెక్టివ్ జాన్ కబ్రేరాకు మట్టిలో చెట్టువేరులాంటిదేదో తగిలింది. పట్టి లాగాడు. ఊడి చేతికొచ్చింది. వేరు కాదు. కాలి ఎముక.

అది 78 ఏళ్ల వృద్ధురాలిది. బెర్ట్ జాడ ఇంకా లేదు. ఇంటావిడ బిత్తరపోయింది. అలాగే కనిపించింది మరి.

తెల్లారేసరికి వీధంతా జనం, కెమెరాలు. మామ్మగారు ఎర్రకోటు తొడుక్కుని బయటికొచ్చింది. నన్ను అరెస్టు చేశారా అని అడిగింది. లేదన్నారు. దగ్గర్లోని హోటల్లో కాఫీ తాగొస్తానంది. పాపం, పెద్దావిడ. కబ్రేరా స్వయంగా జనాన్ని తప్పించి ఆమెను దాటించాడు. కాసేపటికి పెరట్లో ఇంకో శవం బయటపడింది. పరుగున వెళ్తే హోటల్లో ఆవిడ లేదు.

తవ్వుతూనే ఉన్నారు. మొత్తం ఏడు శవాలు. వాటిలో బెర్ట్ ఒకడు. ఏడింటిలోనూ ఒకే నిద్రమందు ఆనవాళ్లు. మట్టికిందున్న వాళ్ల పేర వచ్చే చెక్కులు మాత్రం నెలనెలా డబ్బవుతూనే ఉన్నాయి. సరే, ఆవిడెక్కడ?

లాస్ ఏంజెలెస్‌లో ఒక బార్. పక్క స్టూలు మీద ఒంటరి పెద్దాయన. పరిచయం చేసుకుంది. కబుర్లు నడిచాయి. నీకు ప్రభుత్వం నెలకెంత ఇస్తుందని ఆరా తీసింది. నీకు వండిపెడతానంది. ఆయన నవ్వి సెలవు తీసుకున్నాడు. ఇంటికెళ్లాక వెలిగింది, ఈ మొహం టీవీలో చూసిందే కదా అని. టీవీ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. ఆ రాత్రే పోలీసులు ఆవిడ గది తలుపు తట్టారు.

పెరట్లో దొరికిన ఏడుగురివీ, ఇంకో ఇద్దరివీ కలిపి తొమ్మిది హత్యల అభియోగం. 1993లో జ్యూరీ మూడే తేల్చింది, మిగతా ఆరింటి మీద ఏకాభిప్రాయం కుదరలేదు. యావజ్జీవం. 2011లో, 82 ఏళ్ల వయసులో ఆవిడ జైల్లోనే పోయింది. వాళ్లంతా సహజంగానే చచ్చిపోయారని చివరిదాకా అంటూనే ఉంది.