శాస్త్రీయ పరికరాల సుంకరహిత దిగుమతి (అమెరికా)

పరిశోధనకు కావలసిన విదేశీ పరికరాలను విశ్వవిద్యాలయాలు కస్టమ్స్ సుంకం లేకుండా తెప్పించుకునే వెసులుబాటు ఇది. యునెస్కో 1950లో ఆమోదించిన ఫ్లోరెన్స్ ఒప్పందం దీనికి మూలం. అమెరికా 1966లో చట్టం చేసింది. లాభాపేక్ష లేని సంస్థలకే మినహాయింపు. చిక్కంతా ఒక్క షరతులో ఉంది: అంతే శాస్త్రీయ విలువ గల పరికరం స్వదేశంలో తయారవుతూ ఉండకూడదు. ఒక విశ్వవిద్యాలయానికి జపాన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలంటే, తన ప్రయోగానికి తప్పనిసరైన ఫలానా సామర్థ్యం అమెరికన్ యంత్రాల్లో లేదని దరఖాస్తులో చూపాలి. చవకగా వస్తుందన్న వాదన చెల్లదు. బడ్జెట్‌తో కుస్తీపట్టే ప్రయోగశాలకు ఇది కాస్త కటువైన నియమమే. దరఖాస్తు వివరాలు ఫెడరల్ రిజిస్టర్‌లో వస్తాయి, స్వదేశీ తయారీదారులు అభ్యంతరం చెప్పవచ్చు. నిర్ణయం వాణిజ్య శాఖది. దిగుమతైన ఐదేళ్లలోపు పరికరాన్ని వ్యాపారానికి వాడితే సుంకం కట్టాలి.