ఆలస్యంగా గర్భస్రావం కోరడం: భారతదేశంలో కారణాలు

ఐదో నెల నిండాక గర్భస్రావం కోరేవారు కొద్దిమందే. వారిలో చాలామందిది నిర్లక్ష్యం కాదు, కాలం కలిసిరాకపోవడం. పిండం అవయవాలను పరిశీలించే టిఫా స్కాన్‌ను సాధారణంగా 18-22 వారాల మధ్య తీస్తారు. గుండె, మెదడు లోపాలు ఎక్కువగా అప్పుడే బయటపడతాయి. ఉమ్మనీటి పరీక్ష కూడా రాస్తే ఫలితానికి మరో రెండు మూడు వారాలు పట్టవచ్చు. కావాలని కన్న కల కళ్లముందే చెదిరిన దంపతులు వీరు.

అత్యాచారానికి గురైన బాలికల పరిస్థితి వేరు. నెల తప్పిన సంగతి చాలాసార్లు వారికే తెలియదు. పొట్ట కనిపించాక గానీ ఇంట్లోవాళ్లు గమనించరు. పాలిచ్చే తల్లులు, ముట్లుడిగే వయసువారు నెలసరి రాకపోవడాన్ని సహజమే అనుకోవచ్చు. భర్త మరణం, విడాకులు, తీవ్రమైన రక్తపోటు, డబ్బులేమి, ఆసుపత్రి దూరం కూడా కారణాలే.

1971 నాటి వైద్య గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించి, నిర్దిష్ట వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు అనుమతించారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు అవివాహితలకూ దీన్ని వర్తింపజేసింది. 24 వారాలు దాటాక గర్భస్రావానికి అనుమతి రావాలంటే పిండానికి తీవ్ర వైకల్యం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారించాలి. తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమైతే మాత్రం వారాల పరిమితి లేదు.